పలక నుంచి ఏడుకొండల దాకా: రూపాంతర శిలను గుర్తించి పేరు పెట్టే పద్ధతి

ఒకప్పుడు తెలుగు నాట అక్షరాభ్యాసం చేసుకున్న దాదాపు ప్రతి బిడ్డ చేతిలోనూ రెండు రూపాంతర శిలలు ఉండేవి. పలక ఒకటి, బలపం రెండవది. మార్కాపురం గనుల నుంచి వచ్చిన నల్లని పలక ఎప్పుడో నీటి అడుగున పేరుకున్న బురద. భూమి లోపలి ఒత్తిడికి బిగిసి, రేకులు రేకులుగా చీలే రాయిగా మారింది. బలపపు రాయి కథ వేరు. మెగ్నీషియం ఎక్కువగా ఉన్న రాళ్లలోకి వేడి నీరు చొరబడి, వాటి ఖనిజాలను మార్చివేసినప్పుడు టాల్క్ అనే మెత్తని ఖనిజం పుడుతుంది. బలపం అదే, పులుసు కాచే రాచిప్ప కూడా అదే జాతి. ఒకటి గీతను నిలుపుకునే రాయి, మరొకటి గీయడానికి అరిగిపోయే రాయి, రెండూ భూమి లోపల తమ పాత రూపం పోగొట్టుకుని పైకి వచ్చినవే.

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ఉంటూ, చేతికి దొరికిన రాయి రూపాంతర శిల అవునో కాదో, అయితే ఏ రకమో తేల్చుకోవాలనుకునే విద్యార్థులను, ఆసక్తి ఉన్న పెద్దలను దృష్టిలో పెట్టుకుని ఈ పద్ధతిని రాస్తున్నాను. మొదటే చెప్పవలసిన మాట ఒకటుంది. పేర్లను కంఠస్థం చేయడంతో ఈ పని మొదలుపెట్టకూడదు. ప్రతి రాయినీ మూడు ప్రశ్నలు అడగాలి: ఇంతకు ముందు నువ్వు ఏ రాయివి? ఎంత వేడిని, ఎంత ఒత్తిడిని చూశావు? నీ లోపలి రేణువులు ఇప్పుడు ఎలా అమరి ఉన్నాయి? ఈ మూడింటికి జవాబు దొరికితే పేరు దానంతట అదే వస్తుంది.

కరగకుండా మారడం

మన ఊళ్ల పక్కన ఇటుక బట్టీలు చూడని వారుండరు. పచ్చి ఇటుకను నీళ్లలో వేస్తే రాత్రికి రాత్రి మళ్లీ బురదవుతుంది. కాలిన ఇటుక ఏళ్ల తరబడి వానకు నిలుస్తుంది. ఆ మట్టి బట్టీలో కరిగి ప్రవహించలేదు, ఆకారం కూడా చెడలేదు, అయినా లోపలి ఖనిజాలు మారి రంగూ గట్టిదనమూ వేరయ్యాయి. రూపాంతరం అంటే ఇదే: రాయి ఘనరూపంలో ఉండగానే దాని ఖనిజాలూ, వాటి అమరికా మారడం. పూర్తిగా కరిగి మళ్లీ గడ్డకడితే అది అగ్నిశిల అవుతుంది గాని రూపాంతర శిల కాదు. ఈ తరహా రాళ్లకు మార్పును సూచించే గ్రీకు మాటలతో పేరు పెట్టి, 1833లో ప్రచారంలోకి తెచ్చినవాడు చార్లెస్ లయల్.

ఈ మార్పు సుమారు 150 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ వద్ద మొదలవుతుందని, 700 నుంచి 850 డిగ్రీల మధ్య చాలా రాళ్లు కరగడం ఆరంభిస్తాయని గుర్తుపెట్టుకుంటే చాలు. సాధారణంగా భూమిలోకి ఒక్కో కిలోమీటరు దిగేకొద్దీ వేడి 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది కనుక, పది పన్నెండు కిలోమీటర్ల లోతున పూడుకుపోయిన బురదరాయి 300 డిగ్రీలకు పైగా చవిచూస్తుంది. పై రాళ్ల బరువు వల్ల ప్రతి మూడున్నర కిలోమీటర్లకు సుమారు ఒక కిలోబార్ చొప్పున, అంటే వాతావరణ పీడనానికి సుమారు వెయ్యి రెట్లు చొప్పున, ఒత్తిడి కూడా పెరుగుతూ పోతుంది.

అయితే ఒత్తిడి రెండు విధాలు, ఈ తేడా తెలియకపోతే తరువాతి వర్గీకరణ అర్థం కాదు. లోతున అన్ని వైపుల నుంచీ సమానంగా పడే ఒత్తిడి రాయిని బిగిస్తుంది, అంతే. ఖండాలు ఒకదానినొకటి నెట్టుకునే చోట ఒక దిశ నుంచి ఎక్కువగా పడే ఒత్తిడి రేణువులను ఒక వరుసలోకి తెస్తుంది. బెల్లంపాకంలో కలిపిన అటుకులను ముద్ద చేసి రెండు అరచేతుల మధ్య గట్టిగా నొక్కి చూడండి: అడ్డదిడ్డంగా ఉన్న అటుకులన్నీ నొక్కిన దిశకు అడ్డంగా పరుచుకుంటాయి. అభ్రకం రేకులు రాయిలో చేసే పని కూడా ఇదే. అయితే రాయిలో పాత రేకులు తిరగడంతో పాటు కొత్త రేకులు కూడా ఆ దిశలోనే పెరుగుతాయి. ఈ రేకుల అమరికనే భూగర్భశాస్త్రంలో ఫోలియేషన్ అంటారు.

వేడి, ఒత్తిడి తరువాత మూడవది నీరు. రేణువుల సందుల్లో తిరిగే వేడి నీరు, కార్బన్ డయాక్సైడు కలిసి పరమాణువులను ఒక ఖనిజం నుంచి మరొక ఖనిజానికి మోసుకుపోతాయి. ఇవి లేకపోతే ఎంత వేడి ఉన్నా మార్పు మందకొడిగా సాగుతుంది. పుస్తకాల్లో ఒక్క వాక్యంతో దాటేసే ఈ నీటికే నా దృష్టిలో రూపాంతర కథలో సగం పాత్ర ఉంది.

ఎక్కడ జరిగిందనే దాన్ని బట్టి

వేడి శిలాద్రవం తగిలిన చోట పక్క రాయి మారడాన్ని స్పర్శ రూపాంతరం అంటారు. మన పొరుగునే పులివెందుల ప్రాంతంలో దానికి చక్కని ఉదాహరణ ఉంది. అక్కడి వేంపల్లె డోలమైటు (మెగ్నీషియం ఉన్న సున్నపురాయి జాతి) పొరల మధ్యకు డోలరైటు (నల్లని అగ్నిశిల) శిలాద్రవం వేడిగా చొచ్చుకువచ్చినప్పుడు, ఆ రెండూ కలిసిన అంచున డోలమైటు మారి సర్పెంటైను అనే ఖనిజం, దానితో పాటు నారపోగుల్లాంటి ఆస్బెస్టాస్ ఏర్పడ్డాయి. శిలాద్రవానికి దూరంగా వెళ్లేకొద్దీ మార్పు తగ్గిపోతుంది, కొంత దూరాన మామూలు డోలమైటు మిగిలి ఉంటుంది. ఇలాంటి చోట ఒత్తిడికి ప్రత్యేక దిశ లేదు కాబట్టి రేకుల అమరిక కనబడదు; బురదరాయి అయితే కొమ్ములా గట్టిగా, సన్నని రేణువులతో ఉండే హార్న్‌ఫెల్స్‌గా మారుతుంది.

పర్వతాలు పుట్టే చోట వందల కిలోమీటర్ల మేర సాగేది ప్రాంతీయ రూపాంతరం. ప్రపంచంలోని షిస్టులు (పొరలుగా విడిపోయే రాళ్లు), నీస్‌లు (చారల రాళ్లు) చాలావరకు దీని ఫలితాలే. భ్రంశాల వెంట, అంటే నేల పగిలి ఒక ముక్క మరొకదానిపై జారిన పగుళ్ల వెంట, రాయి నలిగి సాగి మైలోనైట్ అవుతుంది. ఉల్కాపాతం వల్ల కూడా క్షణకాలపు రూపాంతరం జరుగుతుంది. మహారాష్ట్రలోని లోనార్ బిలంలో బసాల్టు అనే లావా రాయిపై ఆ గుర్తులు ఉన్నాయి.

చేతిలో ఉండవలసినవి

పెద్ద సామగ్రి అవసరం లేదు. కంసాలులు వాడే పది రెట్ల భూతద్దం, ఒక ఉక్కు మేకు లేదా చాకు, రెండు నిమ్మకాయలు, నీళ్ల సీసా, నోటుపుస్తకం, గాజుపలక ముక్క ఒకటి చాలు. సుత్తి వాడితే కళ్లద్దాలు తప్పనిసరి, ఎందుకంటే క్వార్ట్జైట్ లాంటి గట్టి రాళ్ల పెచ్చులు కత్తుల్లా ఎగురుతాయి.

సుత్తి గురించి ఇంకొక మాట కూడా చెప్పాలి. తిరుమల కొండ, తలకోన, శేషాచలం అడవి రక్షిత ప్రాంతాలు. భక్తులు నమస్కరించే కొండను, భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ జాతీయ భూగర్భ స్మారక చిహ్నంగా గుర్తించిన చోటును సుత్తితో కొట్టడం తప్పు; అక్కడ కంటితో చదవాలి, ఫోటో తీసుకోవాలి, అంతే. కొట్టి చూడాలంటే స్వర్ణముఖి ఇసుకలో దొర్లివచ్చిన గుండ్రాళ్లు, ఇంటి పునాదికి తవ్వినప్పుడు బయటపడిన ముక్కలు, గ్రానైట్ కోత మిల్లుల దగ్గర యజమాని అనుమతితో తెచ్చుకున్న వ్యర్థపు పెచ్చులు సరిపోతాయి.

వరుసగా చేయవలసిన పని

మొదట తాజా ముఖాన్ని చూడాలి. ఎండకూ వానకూ వెలిసిన పై పొర అబద్ధం చెబుతుంది. ఇనుము తుప్పు వల్ల తెల్లని రాయి కూడా ఎర్రగా కనబడుతుంది. విరిగిన ముఖాన్ని నీళ్లతో తడపాలి. పొడిగా ఉన్నప్పుడు ఏమీ కనబడని రాయిలో కూడా తడిపిన వెంటనే చారలు తేలుతాయి. ఇది చిన్న పని, కాని దీన్ని చేయకపోవడం వల్లనే విద్యార్థులు ఎక్కువ తప్పులు చేయడం చూశాను.

తరువాత రేకుల అమరిక ఉందా లేదా తేల్చుకోవాలి. ఉంటే, రేణువుల పరిమాణం మీదికి వెళ్లాలి. భూతద్దంతో కూడా రేణువులు కనబడక, రాయి సమతలంగా పలుచని పలకలుగా చీలుతుంటే, వేలితో కొట్టినప్పుడు ఖంగుమని మోగుతుంటే అది స్లేటు, అంటే మన పలకరాయి. రూపాంతరం చెందని షేల్, అంటే పొరల బురదరాయి, మోగదు, మందంగా చప్పుడు చేస్తుంది, నోటి ఆవిరి ఊదితే మట్టి వాసన వేస్తుంది. స్లేటు కంటే కొంచెం ఎక్కువ వేడి చూసిన రాయి ఫిల్లైట్. రేణువులు ఇంకా కంటికి ఆనవు గాని, ముఖం పట్టుబట్టలా మెరుస్తుంది. అభ్రకం రేకులు కంటికి స్పష్టంగా కనబడి, రాయి తేలికగా పొరలుగా విడిపోతుంటే షిస్టు. గూడూరు చుట్టుపక్కల అభ్రకపు గనులున్న నేలకింద ఉన్నవి ఇలాంటి షిస్టులే. అయితే పెద్ద పెద్ద అభ్రకపు పలకలు దొరికేది ఆ షిస్టుల్లోకి చొచ్చుకువచ్చిన పెగ్మటైట్ అనే అగ్నిశిలలోనని గమనించాలి. తెలుపు, నలుపు చారలు విడివిడిగా ఉండి, రాయి పొరలుగా చీలకుండా గట్టిగా నిలిస్తే అది నీస్.

ఒకే బురదరాయి వేడి పెరిగేకొద్దీ స్లేటు, ఫిల్లైట్, షిస్టు, నీస్ అనే నాలుగు పేర్లతో నాలుగు మెట్లు ఎక్కుతుంది. నీస్ తరువాత కూడా వేడి పెరిగితే రాయిలో తేలికగా కరిగే తెల్లని భాగం కరిగి, కరగని నల్లని భాగంతో కలగలిసి గడ్డకడుతుంది. దాన్ని మిగ్మటైట్ అంటారు. రూపాంతర శిలకూ అగ్నిశిలకూ మధ్య గట్టు మీద కూర్చున్న రాయి ఇది.

రేకుల అమరిక లేని రాయి అయితే రెండు పరీక్షలు చాలు. మేకుతో గీయాలి, గీసిన పొడి మీద నిమ్మరసం పిండాలి. మేకుకు లొంగి, పొడి మీద బుడగలు వస్తే సున్నపురాయిలో ఉండే ఖనిజమైన కాల్సైటు ఉన్నట్టు. రేణువులు చక్కెర పలుకుల్లా మెరుస్తుంటే అది సున్నపురాయి నుంచి మారిన చలువరాయి, తాజ్‌మహల్‌కు మక్రానా నుంచి తెచ్చిన రాతి జాతి. మేకు గీత పడకపోగా, ఆ రాయే గాజుపలకను గీస్తే క్వార్ట్జ్, అంటే పలుగురాయి, ఉన్నట్టు. అప్పుడు అది ఇసుకరాయి నుంచి పుట్టిన క్వార్ట్జైట్ కావచ్చు. గోరుతోనే గీత పడి, ముట్టుకుంటే సబ్బులా జారుతుంటే బలపపు రాయి.

వంటింటి అరలకు వాడే నల్లని కడప బండను చాలామంది పలకరాయి అనుకుంటారు. అంచున మేకుతో గీసి నిమ్మరసం వేస్తే పొడి మీద బుడగలు వస్తాయి. అది సున్నపురాయే, అవక్షేప శిలే. నలుపు రంగు, చదునైన పొర అనే రెండు గుర్తులతోనే పేరు పెట్టేస్తే ఇలాంటి పొరపాట్లు జరుగుతాయి.

ఏడుకొండల రాయి ఏమిటి?

తిరుపతిలో నిలబడి ఉత్తరానికి చూస్తే శేషాచలం పై అంచున నిట్టనిలువు గోడలా ఎర్రని, గోధుమరంగు శిలలు పొరలు పొరలుగా కనబడతాయి. వాటికి నగరి క్వార్ట్జైట్ అని పేరు, మన నగరి ఊరి పేరు మీదుగానే. ఆ గోడ కింద వాలుగా, గుండ్రని బండలతో ఉన్నది గ్రానైట్. చంద్రగిరి కోట కొండ మీద కూడా అలాంటి గుండ్రని బండలనే చూస్తాము. ఈ రెండింటి మధ్య ఉన్న సరిహద్దే తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కనబడే ఎపార్కియన్ అసమ విన్యాసం. కింది గ్రానైట్ గడ్డకట్టి, పైకి లేచి, వానకూ గాలికీ అరిగి చదునైన తరువాత, పదుల కోట్ల సంవత్సరాలు గడిచాక దాని మీద ఇసుక పేరుకున్నది. గ్రానైట్‌ను చీల్చుకుని వచ్చిన నల్లని డోలరైట్ డైకులు (పగుళ్లలో గోడల్లా గడ్డకట్టిన శిలాద్రవం) పై పొరలోకి పోకుండా ఆ సరిహద్దు దగ్గరే ఆగిపోతాయి. అంటే అవి కూడా ఇసుక కంటే ముందువే. కాలినడకన అలిపిరి నుంచి పైకి వెళ్లే భక్తుడు తెలియకుండానే ఆ కాలపు అంతరాన్ని దాటిపోతాడు. ఘాట్ రోడ్డు మీద వాహనం ఆపి చూడడం ప్రమాదకరం కనుక, దీన్ని నడకదారిలో వెళ్తూ కొండ వాలును గమనిస్తూ అర్థం చేసుకోవడమే మేలు.

ఇప్పుడు కష్టమైన ప్రశ్న. ఈ క్వార్ట్జైట్ నిజంగా రూపాంతర శిలేనా? పేరు చూసి అవునని రాసేస్తే పరీక్షలో మార్కులు పడతాయేమో గాని, జాగ్రత్తగా చూసే కంటికి అది చాలదు. ఆ పొరల మీద చాలా చోట్ల అలల గుర్తులు, ఏటవాలు ఇసుక పొరలు ఇంకా చెక్కుచెదరకుండా ఉన్నాయి. వేడికీ ఒత్తిడికీ బాగా లోనైన రాయిలో అలాంటివి మిగలడం అరుదు. ఇసుక రేణువుల సందుల్లోకి సిలికా చేరి, సిమెంటులా అతుక్కుని గట్టిపడిన రాయిని కూడా క్వార్ట్జైట్ అనే పిలుస్తారు. అది అవక్షేప శిలే. వేడికి రేణువుల అంచులు కలిసిపోయి ఒకదానిలో ఒకటి ఒదిగిన రాయి రూపాంతర క్వార్ట్జైట్. రెండూ మేకుకు లొంగవు, రెండూ విరిగినప్పుడు పగులు రేణువులను తప్పించుకుని పోకుండా వాటిని చీల్చుకుంటూ పోతుంది. తేడా తేల్చాలంటే భూతద్దం కింద చూడాలి: గుండ్రని పాత ఇసుక రేణువుల హద్దులు ఇంకా కనబడితే సిలికా సిమెంటు, హద్దులు వంకరటింకరగా ఒకదానిలో ఒకటి కొరుక్కుని ఉంటే రూపాంతరం. ఖచ్చితమైన జవాబుకు పలుచని కోత తీసి సూక్ష్మదర్శిని కింద చూడవలసిందే.

నా నిర్ణయం ఇది: తిరుమల పైన కనబడే రాతిలో ఎక్కువ భాగానికి చాలా స్వల్ప స్థాయి మార్పు మాత్రమే జరిగిందని, అది అవక్షేప, రూపాంతర శిలల మధ్య గట్టు దగ్గర ఉందని రాయడమే నిజాయితీ. శిలాతోరణం దగ్గర సుమారు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న ఆ సహజ తోరణాన్ని చూసేటప్పుడు కూడా దానిలోని పొరలనూ, పగుళ్లనూ వెతికి చూడండి. కింది మెత్తని భాగాలు, పగుళ్ల వెంట ఉన్న ముక్కలు అరిగిపోయి, గట్టి పొర వంతెనలా మిగిలింది. రేణువులు అంత గట్టిగా అతుక్కోకపోతే ఆ వంతెన నిలిచేది కాదు.

చిత్తూరు వైపు: గ్రానైట్ అని అమ్మే నీస్

చిత్తూరు, పలమనేరు, కుప్పం వైపు వెళ్తే కాళ్ల కింద ఉన్నది ఎక్కువగా పెనిన్సులార్ నీస్, భారతదేశపు అతి పాత పునాది శిలల్లో ఒకటి. గ్రానైట్ మిల్లుల్లో సాన పెట్టిన పలకలను వరుసగా నిలబెట్టి ఉంచుతారు. నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు, ఎందుకంటే రెండు మూడు మీటర్ల మెరిసే ముఖం ఒక్కసారిగా కంటి ముందు ఉంటుంది. నల్లని మచ్చలు చెల్లాచెదురుగా, ఏ దిశా లేకుండా ఉంటే అది గ్రానైట్. అవే మచ్చలు సాగి, ఒక వైపుకు వాలి, చారలుగా ప్రవహిస్తున్నట్టు కనబడితే నీస్. చారలు మెలికలు తిరిగి, తెల్లని తీగలు వాటిని కోసుకుంటూ పోతే మిగ్మటైట్. వ్యాపారంలో ఈ మూడింటినీ గ్రానైట్ అనే అంటారు. కుప్పం వైపు దొరికే నల్లరాయిని కూడా బ్లాక్ గ్రానైట్ అంటారు గాని అది డోలరైట్, అగ్నిశిల. తడిపినా అందులో రేకుల అమరిక కనబడదు. వ్యాపారపు పేరును నోటుపుస్తకంలో వేరే గడిలో రాసుకోవాలే గాని శాస్త్రీయ నామంగా రాయకూడదు.

కుప్పం ప్రాంతంలో మరొక విశేషం కూడా ఉంది. కోలారు షిస్టు మేఖల (షిస్టు జాతి రాళ్ల పొడవాటి పట్టీ) దక్షిణపు కొస చిత్తూరు జిల్లాలోకి వస్తుంది. చిగురుగుంట, బిసానత్తం బంగారు గనులు ఆ మేఖలలోనివే. అక్కడి ప్రధాన శిల ఆంఫిబొలైట్, అంటే ఒకప్పటి బసాల్టు లావా వేడికీ ఒత్తిడికీ నల్లని హార్న్‌బ్లెండ్ సూదులుగా మారిన రాయి. బంగారం ఆ రాతిని చీల్చుకుపోయిన పలుగురాతి తీగల్లో ఉంటుంది. వేడి నీరు దాన్ని కరిగించి మోసుకువచ్చి అక్కడ వదిలింది. ముందు చెప్పిన మూడవ కారకం, నీరు, చేసే పని ఎంత విలువైనదో తెలుసుకోవడానికి ఇది చాలు.

స్థాయిని తేల్చడం

పేరు పెట్టడానికి రేకుల అమరిక సరిపోతుంది గాని, రాయి ఎంత వేడి చూసిందో చెప్పడానికి ఖనిజాలను చూడాలి. 1893లో జార్జ్ బారో స్కాట్లండ్ కొండల్లో ఒకే రకపు బురదరాళ్ల వెంట నడుస్తూ, కొన్ని ఖనిజాలు ఒక వరుసలో మొదటిసారి ప్రత్యక్షమవుతాయని గమనించాడు: క్లోరైట్, బయోటైట్, గార్నెట్, స్టారోలైట్, కయనైట్, సిలిమనైట్. క్లోరైట్ ఆకుపచ్చగా ఉండి తక్కువ వేడిని చెబుతుంది. ఎర్రని గుండ్రని గార్నెట్ గింజలు కనబడితే మధ్యస్థం. తెల్లని పోగుల్లాంటి సిలిమనైట్ ఉంటే చాలా ఎక్కువ వేడి. కయనైట్, సిలిమనైట్, అండలూసైట్ మూడింటి రసాయన సూత్రం ఒక్కటే, కాని వాటి స్ఫటిక నిర్మాణాలు వేరు. వేడి, ఒత్తిడి ఏ పాళ్లలో ఉన్నాయో దాన్ని బట్టి వాటిలో ఒకటి నిలకడగా ఉంటుంది. అందుకే ఆ మూడింటిలో ఏది దొరికినా దాన్ని ఎంతో విలువైన సాక్ష్యంగా తీసుకోవాలి.

ఫిన్లాండ్ శాస్త్రవేత్త పెంటీ ఎస్కొలా 1915లో దీన్ని మరింత విస్తరించాడు. ఒక్కొక్క ఖనిజం బదులు, కలిసి ఉండే ఖనిజాల గుంపు ఆ రాయి చూసిన వేడినీ ఒత్తిడినీ తెలుపుతుందని చెప్పి, ఆ గుంపులకు ఫేసీస్ అని పేరు పెట్టాడు. సుమారు 300 నుంచి 500 డిగ్రీల దాకా గ్రీన్‌షిస్టు ఫేసీస్, అక్కడి నుంచి 700 దాకా ఆంఫిబొలైట్, ఆపైన గ్రానులైట్. మన దక్షిణాన చెన్నై పల్లావరం కొండల్లోని చార్నోకైట్, ఉత్తరాన విశాఖ కొండల్లోని ఖోండలైట్ గ్రానులైట్ ఫేసీస్‌కు చెందినవే. వాటిలో రెండవది ఖోండు గిరిజనుల పేరు మీద వచ్చింది. వేడి తక్కువగా, ఒత్తిడి విపరీతంగా ఉంటే బ్లూషిస్టు, ఇంకా లోతుకు పోతే ఎక్లోజైట్. ఒక భూఫలకం మరొకదాని కిందికి జారిన చోట అలాంటి పరిస్థితి ఉంటుంది; మన దేశంలో వాటిని చూడాలంటే లడఖ్ లాంటి చోటికి వెళ్లాలి.

పేరు రాయడం

పేరులో ముందుగా ఖనిజాలు, చివర రాతి రకం రావాలి. ఖనిజాలను తక్కువ ఉన్నదాని నుంచి ఎక్కువ ఉన్నదాని వైపు రాయాలి. ఒక షిస్టులో అభ్రకం ఎక్కువగా, గార్నెట్ తక్కువగా ఉంటే అది గార్నెట్-అభ్రకపు షిస్టు. రాయి పూర్వజన్మ తెలిస్తే దాన్ని కూడా చేర్చవచ్చు: అగ్నిశిల నుంచి వచ్చిన నీస్‌కు ముందు ఆర్థో, అవక్షేప శిల నుంచి వచ్చినదానికి ముందు పారా అని పెడతారు. పాత రూపం స్పష్టంగా తెలుస్తుంటే మెటాబసాల్టు, మెటాశాండ్‌స్టోన్ అని రాస్తే సరిపోతుంది. తెలియనప్పుడు ఊహించి చేర్చకూడదు.

చివరి పనిని చాలామంది వదిలేస్తారు. రాయి దొరికిన చోటనే దాని మీద చిన్న తెల్లరంగు చుక్క పెట్టి అంకె వేయాలి. అదే అంకె కింద పుస్తకంలో ఊరు, తేదీ, ఏటి గులకరాయా లేక నేలలో పాతుకున్న బండ నుంచి వచ్చిందా అనేది, రేకులు ఏ దిక్కుకు వాలి ఉన్నాయో, పక్కన ఏ రాయి ఉందో రాయాలి. మేకు పరీక్ష, నిమ్మరసం పరీక్షల ఫలితాలు ఆ తరువాత, పేరు అన్నిటికంటే కింద. సందేహం ఉంటే పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టి, ముక్కను పదిలంగా దాచుకుని, 1954లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర విభాగం ఉంది కనుక అక్కడి అధ్యాపకులను అడిగి చూడవచ్చు. ఆ ముక్క ఎక్కడిదో స్పష్టంగా రాసి ఉంటేనే వారైనా ఏదైనా చెప్పగలుగుతారు.